కళ్లజోడు తీయని వేసవి

మా అమ్మాయికి కోచింగ్ ఇప్పిస్తున్నారన్న సంగతి ఆ వేసవి మొదట్లో, ఒక ఆదివారం ఉదయం, గడ్డం గీసుకుంటూ ఉండగా నా చెవిన పడింది. చెప్పింది మా ఆవిడ. నేను రేజరును చెంప మీదనే ఆపి, "కోచింగా? పరీక్ష ఏమైనా రాస్తోందా?" అని అడిగాను.

"పరీక్ష కాదండీ. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి ఇప్పిస్తారట. కంగారు పడకుండా, నిబ్బరంగా పని నడిపించడం గురించి కూర్చుని మాట్లాడతారట. ఒకావిడ వస్తుంది, ఇంకాసేపట్లో."

"ఎక్కడికి?"

"ఎక్కడికేమిటి, మనింటికే. ఆ రెండో చెంప కూడా గీసుకోండి. లేకపోతే ఆవిడ జడుసుకుంటుంది."

మా అమ్మాయికి నలభై దాటి కొన్నేళ్లయింది. సీసాలు తయారుచేసే ఒక పెద్ద గాజు కర్మాగారానికి ఆ ఏడాదే అధిపతి అయింది. ఆ కుర్చీలో స్త్రీ కూర్చోవడం అదే మొదలు. అల్లుడి ఉద్యోగం వేరే ఊళ్లో, పిల్లలు హాస్టల్లో, కర్మాగారం మా ఇంటికి దగ్గర. అందుచేత ఆ వేసవంతా ఆమె మకాం మా ఇంట్లోనే.

నేను న్యాయమూర్తిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఎంత గగ్గోలుగా ఉన్న న్యాయస్థానాన్నయినా గొంతు పెంచకుండా సద్దుమణిగించగలనని నాకు పేరుండేది. అటువంటి వాడి కూతురు నిబ్బరం కోసం మరొకరి దగ్గర పాఠం చెప్పించుకోవాలని ఆ సంస్థ ఛైర్మన్ తలచడం నాకు చిన్నతనంగా తోచింది. నిబ్బరానికి మా ఇంట్లో ఎన్నడూ కొరత లేదు.

అమ్మాయికి నాకన్నా ఎక్కువ బాధగా ఉన్నట్టుంది. పళ్లెంలోకి చూస్తూ, "నేను సరిగ్గా చెయ్యట్లేదని మర్యాదగా చెప్పడం ఇది నాన్నగారూ," అంది. "మనుషుల్ని కలుపుకుని పోవట్లేదట. ఇంతకుముందు ఉన్నాయన బల్ల గుద్ది అరిచేవాడు. ఆయనకి మాత్రం ఎవరూ కోచ్‌ని పంపలేదు."

"వద్దని చెప్పెయ్యి."

"వద్దంటే, చూశారా మాట వినదు, అంటారు."

నేను మరో ఇడ్లీ వేసుకున్నాను.

వచ్చినావిడ స్కూటరు మీద వచ్చింది. నాకన్నా ఏ పదిహేనేళ్లో చిన్నదై ఉంటుంది. హెల్మెట్ తీసి చంకన పెట్టుకుని, చెదిరిన నెరిసిన జుట్టును సర్దుకునే ప్రయత్నమైనా చేయకుండా, "నమస్కారం సార్, మంచినీళ్లు ఇప్పిస్తారా, ఎండ దంచేస్తోంది," అంది. మా ఆవిడ ఆమెకు ఆ క్షణమే హెల్మెట్ టీచరని పేరు పెట్టేసింది. ఆ వేసవంతా మా ఇంట్లో ఆమెకు అదే పేరు.

ఇద్దరూ ముందు గదిలో కూర్చున్నారు. నేను పక్క గదిలో పేపరు చదువుకుంటున్నాను. తలుపు ఓరగా ఉండటం గాలి కోసం.

హెల్మెట్ టీచరు సలహాలేమీ ఇవ్వలేదు. అది నన్ను కొంత నిరాశపరచింది. ఒక సలహా ఇచ్చి ఉంటే ఖండించడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఆమె కేవలం ప్రశ్నలు వేసింది. అవీ పెద్ద ప్రశ్నలు కావు.

"మీటింగులో ఎలా కూర్చుంటారు? ఒకసారి చూపిస్తారా?"

"కూర్చోవడంలో చూపించేదేముంది?"

"ఊరికే. నేను మీ దగ్గరికొచ్చి ఏదో ఏకరువు పెడుతున్నాను అనుకోండి. మీకు చిరాకేస్తోంది. అప్పుడేం చేస్తారు?"

కుర్చీ కొద్దిగా కిర్రుమంది. తర్వాత చాలా చిన్న చప్పుడు, కళ్లజోడు మడిచి బల్ల మీద పెట్టిన చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలుసు. గుమ్మంలో మజ్జిగ గ్లాసులతో నిలబడ్డ మా ఆవిడకు నాకన్నా బాగా తెలుసు.

"అమ్మో! అచ్చం మీ నాన్నే!" అని ఒకటే నవ్వు.

అది నిజమే. వాదన సాగదీస్తున్న వకీలు ముందు నేను కళ్లజోడు తీసి, మడిచి, బల్ల మీద పెట్టేవాణ్ణి. ఒక్క మాట అనేవాణ్ణి కాదు. అంతటితో ఆ పెద్దమనిషి కూర్చునేవాడు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. న్యాయస్థానంలో అది చక్కగా పనిచేసింది గనుక దాని గురించి నాకు ఏ విచారమూ లేదు. నా కూతురు దాన్ని అంత తీరుగా అందిపుచ్చుకుందని తెలిసి, పేపరు వెనక నా ఛాతీ కాస్త పొంగిన మాట కూడా నిజమే.

"బాగుంది," అంది హెల్మెట్ టీచరు. "అలా పెట్టాక అవతలివాళ్లు ఏం చేస్తారు?"

"ఆపేస్తారు."

"ఏం ఆపేస్తారు?"

"మాట్లాడటం."

"ఏం మాట్లాడటం?"

ఎవరైనా ఏదైనా అంటే బాగుండునని నాకు అనిపించింది. హెల్మెట్ టీచరు మాత్రం ఆ నిశ్శబ్దాన్ని హాయిగా మజ్జిగతో పాటు తాగుతున్నట్టుంది.

"తెలీదు," అంది చివరికి అమ్మాయి. "ఆపేస్తారుగా. ఇంక ఎలా తెలుస్తుంది?"

"అయితే ఈ వారం ఒక్క పని చేద్దామా? తియ్యొద్దని నేననను. చెయ్యి కళ్లజోడు మీదికి వెళ్లినప్పుడు అవతలి మనిషి ఏ మాట దగ్గర ఉన్నారో, అది గుర్తుపెట్టుకోండి. అంతే."

ఆమె స్కూటరు ఎక్కి వెళ్లిపోయాక, "ఇంతేనా?" అన్నాను నేను.

"ఇంతేనట," అంది అమ్మాయి. ఆమె కళ్లజోడు ఇంకా బల్ల మీదే ఉంది. దాన్ని ఎవరిదో వస్తువును చూసినట్టు చూస్తోంది.

ఆ వారం మధ్యలో ఒక సాయంత్రం అమ్మాయి ఫ్యాక్టరీ నుంచి రావడమే పాలిపోయిన ముఖంతో వచ్చింది. చెప్పులు విప్పకుండానే వరండాలో నా పక్కన కూర్చుంది.

"ఫర్నేసు గోడ పలచబడింది నాన్నగారూ."

గాజును కరిగించే ఆ పెద్ద కొలిమి గురించి అప్పటికి నాకు కొద్దో గొప్పో తెలుసు. ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి ఆరనివ్వరు. లోపల గాజు ఎర్రటి చెరువులా నిలిచి ఉంటుంది. దాన్ని ఆపి ఉంచేది నాలుగు పక్కలా ఉన్న ఇటుక గోడ. గాజు ఆ ఇటుకను లోపలినుంచి మెల్లమెల్లగా తింటూనే ఉంటుంది. గోడ ఎక్కడైనా తెగితే ఆ ఎర్రటి చెరువు మనుషులు తిరిగే చోటికి వచ్చి పడుతుంది.

"ఎవరు చెప్పారు?"

"షిఫ్ట్ ఇంజనీరు. చిన్న పిల్ల, చేరి రెండేళ్లు కూడా కాలేదు. పోయిన నెల ఒకసారి వచ్చింది, మొన్నొకసారి వచ్చింది. ఉత్పత్తి లెక్కలు చెబుతూ, 'మేడమ్, ఎడమ గోడ దగ్గర...' అనేది, ఆగిపోయేది. నేను అప్పుడే..." చెయ్యి ముఖం దాకా వెళ్లి ఆగింది. "ఈ వారం గుర్తుపెట్టుకోమన్నారుగా. గుర్తొచ్చింది. ఇవాళ నేనే వెళ్లి, 'ఎడమ గోడ దగ్గర ఏమిటమ్మా?' అని అడిగాను. ఆ పిల్ల ఏడ్చినంత పని చేసింది. కొలతలన్నీ తీసి పెట్టుకుంది పాపం. ఒక చోట గోడ బయటి వేడి వారం వారం పెరుగుతోంది."

"ఆపేస్తే?"

"ఆపి, గాజంతా దించేసి, గోడ కట్టాలి. వేసవి పోతుంది. కూల్‌డ్రింక్ కంపెనీలన్నీ సీసాలకి ఎగబడేదే ఇప్పుడు. ఛైర్మన్ ఒప్పుకోరు. అప్పుడే ఫోన్‌లో అన్నారు కూడా, ఫ్యాన్లు పెట్టి గోడకి గాలి కొట్టండి, వానలు పడేదాకా లాక్కురండి అని."

"అది కుదరదా?"

"కుదరొచ్చు. కుదరకపోవచ్చు. కుదరకపోతే ఆ గోడ పక్కన నిలబడేది ఛైర్మన్ కాదు నాన్నగారూ, ఆ పిల్లా, ఇంకో పదిమందీ."

నేను వెంటనే రంగంలోకి దిగాను. ఇటువంటి సందర్భంలో ఎలా మాట్లాడాలో నాకన్నా తెలిసినవారు ఆ చుట్టుపక్కల ఎవరున్నారు? ఆమె చెప్పవలసిన మాటలను ఒక క్రమంలో పెట్టాను. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ కళ్లజోడు తీయాలో కూడా సూచించాను. అమ్మాయి శ్రద్ధగా విన్నది. చిన్నప్పటినుంచీ ఆమె శ్రద్ధగానే వింటుంది.

తరువాతి ఆదివారం హెల్మెట్ టీచరు వచ్చి సంగతంతా విని, ఓరగా ఉన్న తలుపు వైపు తిరిగింది. "సార్, గాలి ఇటువైపే బాగా వస్తుంది. రండి. మీ సాయం కావాలి. కాసేపు ఛైర్మన్‌గా కూర్చుంటారా?"

"నేను నటుణ్ణి కానమ్మా."

"నటించక్కర్లేదు సార్."

వంటగదిలోంచి మా ఆవిడ నవ్వు వినపడింది. దాన్ని నేను పట్టించుకోలేదు. బల్లకు ఆ పక్క కూర్చుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. మొదలుపెట్టాక చెప్పొద్దూ, పని నాకు నచ్చింది. సీసాల సరఫరా ఆగితే ఎవరు జవాబు చెబుతారన్నాను. రెండేళ్ల అనుభవం లేని అమ్మాయి మాట మీద సంస్థను మూసుకోమంటారా అన్నాను. ఆడవాళ్లకు భయం సహజమేనని కూడా అన్నాను. అది నా అభిప్రాయం కాదు, ఛైర్మన్‌ది.

అమ్మాయి నేను నేర్పినట్టే మాట్లాడింది. గొంతు తగ్గించింది. కళ్లజోడు తీసి పెట్టింది. నేనూ నాది తీసి పెట్టాను. బల్ల మీద రెండు కళ్లజోళ్లు ఎదురెదురుగా కూర్చున్నాయి. మరుక్షణంలో అమ్మాయి గొంతు పట్టు తప్పింది. మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. సగం వాక్యంలో ఆగి, "సారీ," అంది. మెడ మీద నరం కొట్టుకోవడం నాకు ఇవతలి పక్కకు కనిపించింది. పైకి అంత గంభీరంగా కనిపించే మనిషి లోపల అలా వణుకుతుందని నేను ఎరగను.

"ఇప్పుడు మాట్లాడింది ఎవరు?" అని మృదువుగా అడిగింది హెల్మెట్ టీచరు.

అమ్మాయి నా వైపు చూడలేదు. "నాన్నగారు."

"మీరైతే ఎలా మాట్లాడతారు?"

"తెలీదండీ. నాకు మంచి అధికారి అంటే నాన్నగారే తెలుసు."

ఈ మాటకు నేను పొంగిపోవలసింది. ఎందుకో పొంగు రాలేదు.

"సరే, ఛైర్మన్‌ని వదిలేద్దాం. ఆ ఫ్యాక్టరీలో మీకు ఏ చోట మనసు నెమ్మదిగా ఉంటుంది?"

అమ్మాయి ఆలోచించింది. ఆమె ఆలోచిస్తున్నంత సేపూ ఎవరమూ తొందరపెట్టలేదు. నేను ఊరుకోవడం నాకే వింతగా ఉంది.

"ఫర్నేసు దగ్గర," అంది. "పక్కన ఒక చిన్న కిటికీ ఉంటుంది. నీలం అద్దం అడ్డం పెట్టుకుని చూడాలి, లేకపోతే కళ్లు పోతాయి. కొత్తగా చేరినప్పుడు రోజూ వెళ్లి చూసేదాన్ని. అంత మంటలో గాజు ఎంత నెమ్మదిగా ఉంటుందో! పైన మంట గోల చేస్తూ ఉంటుంది. కింద గాజు మాత్రం దాని పని అది చేసుకుంటూ, తిరుగుతూ, తేరుకుంటూ ఉంటుంది. తేరుకునే టైము ఇవ్వకుండా తీశామనుకోండి, సీసా నిండా బుడగలే. దాన్ని తొందరపెట్టలేం. ఎవరి తరమూ కాదు."

ఆమె చేతులు రెండూ బల్ల మీద విప్పి ఉన్నాయి. గొంతు పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. నలభై ఏళ్ల పైచిలుకుగా నేనెరిగిన మనిషి గొంతు. నేను మొదటిసారి వింటున్నాను. వంటగది గుమ్మంలో మా ఆవిడ గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"ఇదిగో, ఈవిడ," అంది హెల్మెట్ టీచరు. "ఛైర్మన్‌తో ఈవిణ్ణి మాట్లాడనివ్వండి."

ఆపైన ఆమె నేర్పింది కొంచెమే. మాట తడబడితే సారీ చెప్పే బదులు పాదాలు నేల మీద ఉన్నాయో లేదో చూసుకోమంది. జవాబు వెంటనే రాకపోతే, ఒక్క నిమిషం కావాలని అడగడం తప్పు కాదంది. ఆ ఒక్క నిమిషం అడగడాన్ని మాత్రం పదే పదే చేయించింది. వినడానికి ఎంతో తేలికగా ఉంది గానీ, అమ్మాయికి ఆ మాట నోట్లోంచి రావడానికి ఆ పూటంతా పట్టింది.

ఫర్నేసు సంగతి తేల్చే మీటింగ్ కర్మాగారంలో జరగవలసింది. ఛైర్మన్ ప్రయాణంలో ఉన్నారని దాన్ని ముందుకు జరిపి, ఒక సెలవు రోజు ఉదయం కంప్యూటర్ మీద పెట్టారు. అమ్మాయి మా భోజనాల బల్ల మీదే లాప్‌టాప్ తెరిచింది. మా ఆవిడ ఇంట్లో కుక్కర్ కూతను సైతం నిషేధించింది.

"టీచరుగారిని రమ్మననా?" అన్నాను.

"వద్దు. మీరు ఉండండి నాన్నగారూ. అక్కడ, కనపడకుండా. ఏమీ అనకండి."

"నేనేమంటాను?"

"ముఖంతో కూడా అనకండి."

నేను బల్ల చివర కూర్చున్నాను. తెర నాకు కనిపించదు. అమ్మాయి ముఖం మాత్రం కనిపిస్తుంది.

ఆమె ముందుగా తాను మాట్లాడలేదు. "గోడని రోజూ చూస్తున్నది మా షిఫ్ట్ ఇంజనీరు. ఆమె మాట ముందు విందాం," అంది. లాప్‌టాప్‌లోంచి ఒక పల్చని గొంతు బెదురుతూ మొదలైంది, మధ్యలో తడబడింది. "నిదానంగా చెప్పమ్మా, వింటున్నాం," అంది అమ్మాయి. ఆ గొంతు కుదుటపడి చివరిదాకా చెప్పింది.

ఛైర్మన్ గొంతు నా పాత్రాభినయం కన్నా బొంగురుగా ఉంది. మాటలు మాత్రం ఇంచుమించు అవే. ఫ్యాన్లు పెట్టమన్నాడు. ఇంతకుముందాయన ఇలాంటివి ఎన్ని లాక్కొచ్చాడో తెలుసా అన్నాడు. చివరికి, "చూడండి మేడమ్, ఇప్పుడు ఆపితే వెళ్లిపోయిన ఆర్డర్లు మళ్లీ రావు. రేపు బోర్డు మీ కుర్చీ గురించే అడుగుతుంది. అప్పుడు నేను మీకు అండగా నిలబడలేను. ఆలోచించుకోండి. ఏమంటారు?" అన్నాడు.

అమ్మాయి కుడి చెయ్యి లేచింది. కళ్లజోడు దాకా వెళ్లింది. రెండు వేళ్లు దాని అంచున పడ్డాయి. నా చెయ్యి కూడా, నా ప్రమేయం లేకుండా, నా కళ్లజోడు మీదికి వెళ్లి ఉంది.

ఆమె వేళ్లు కళ్లజోడును కొంచెం పైకి నెట్టి, సరిగా కూర్చోబెట్టి, కిందికి దిగాయి.

"నాకు ఒక్క నిమిషం కావాలి సార్."

గోడ గడియారం, పైన ఫ్యాను, పక్కింటి కుళాయి, అన్నీ వినిపించాయి. బల్ల కింద ఆమె పాదాలు రెండూ నేల మీద ఆనించి ఉన్నాయి. ఆ నిమిషంలో నాకు తోచిన జవాబులు తక్కువేమీ కావు. ఒక్కొక్కటీ నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను.

"మీరు కుర్చీ గురించి చెప్పింది అర్థమైంది సార్," అంది. అది కొలిమి కిటికీ దగ్గరి గొంతు. "ఆర్డర్లు పోతాయన్నదీ నిజమే. కొంతమందితో నేనే మాట్లాడి, వేరే ప్లాంటు నుంచి సర్దడానికి చూస్తాను. అందరికీ సర్దలేను. కానీ ఆ గోడ పక్కన రేపు మనిషిని నిలబెట్టడానికి నేను సంతకం పెట్టను. ఫర్నేసు ఆపుతున్నాను. ఈ నిర్ణయం నాది, బాధ్యతా నాదే. మీకు ఇంకేమైనా అడగాలని ఉంటే అడగండి, వింటాను."

అవతలివైపు గట్టిగా నిట్టూర్చిన చప్పుడు. "సరే. ఆపండి. మిగతాది బోర్డులో మాట్లాడదాం."

"తప్పకుండా సార్."

లాప్‌టాప్ మూసింది. లేచి వంటగదిలోకి వెళ్లి వాళ్లమ్మ భుజం మీద తల పెట్టుకుని నిలబడింది. ఏడుస్తోందేమోనని తొంగి చూశాను. ఏడవడం లేదు. "అమ్మా, ఇంక కుక్కర్ పెట్టుకో," అంటోంది.

గాజు దించే పని, కొలిమి చల్లారడం, వీటన్నిటికీ రోజులు పట్టాయి. అమ్మాయి ఉదయం వెళితే చీకటి పడే వేళకు వచ్చేది. హెల్మెట్ టీచరు ఒకటి రెండుసార్లు వచ్చింది గానీ, ఆమెకు పెద్దగా పని ఉన్నట్టు కనిపించలేదు. మజ్జిగ తాగి, మా ఆవిడతో ఊసులాడి వెళ్లేది.

మొదటి ఇటుకలు ఊడదీసిన సాయంకాలం అమ్మాయి జుట్టు నిండా ఇటుక దుమ్ముతో వచ్చింది. వేసవిలో తొలి జల్లు అప్పుడే పడి వెలిసింది. వరండాలో నా పక్కన కూర్చుంది. మా ఆవిడ ఇద్దరికీ కాఫీ ఇచ్చింది, నాకు ఎప్పటిలాగే పెద్ద గిన్నెలాంటి కప్పులో, పొగలు కక్కుతూ.

"చూశారా నాన్నగారూ," అని చిన్న ఇటుక ముక్కను నా చేతిలో పెట్టింది. "ఇది జానెడు మందం ఉండాలి. ఎంత మిగిలిందో చూడండి."

నా బొటనవేలంత కూడా లేదు.

"ఛైర్మన్ చూశారా?"

"వచ్చారు. చేత్తో పట్టుకుని చాలాసేపు చూశారు. బోర్డు సంగతి బోర్డుదేననుకోండి. వాళ్లేం తేలుస్తారో ఇంకా తెలీదు. దాని కోసం నేనిప్పుడు నిద్ర పాడుచేసుకోవడం లేదు. అసలు సంగతి అది కాదు, వినండి. ఆ ఇటుక తీసేటప్పుడు మా షిఫ్ట్ పిల్ల ఏం చేసిందో తెలుసా..."

ఆమె చెబుతూ ఉంది. కర్మాగారంలో ఎవరు ఏమన్నారో, ఆ పిల్ల గోడను చూసి ఎలా కింద చతికిలబడిందో, తాను కూడా ఆ దుమ్ములోనే పక్కన ఎలా కూర్చుందో, ఇద్దరికీ ఎందుకు నవ్వాగలేదో. ఒకదానిలోంచి ఒకటి, తొందర లేకుండా. ఆమె నాతో అంతసేపు మాట్లాడి ఎన్నేళ్లయిందో నాకు గుర్తు రాలేదు.

నేను కప్పును రెండు చేతులతో ముఖం దగ్గర పట్టుకుని వింటున్నాను. ఆవిరికి కళ్లజోడు అద్దాలు రెండూ మసకబారాయి. ముందు వీధి పోయింది, తరువాత వాకిలి పోయింది, చివరికి అమ్మాయి ముఖం కూడా ఒక తెల్లని మంచులా అయిపోయింది. కళ్లజోడు తీసి తుడుచుకోవాలి. నా చెయ్యి కదలలేదు. అలాగే, ఏమీ కనిపించకుండా, ఆమె గొంతు వచ్చే వైపు ముఖం పెట్టి కూర్చున్నాను.

మాట ఒక్క క్షణం ఆగింది. ఆ మంచులోంచి చిన్న నవ్వు వినపడింది.

"తీసి తుడుచుకోండి నాన్నగారూ," అంది అమ్మాయి. "నేనేం ఆగను."

తీశాను. పంచె చెంగుతో మెల్లగా తుడుచుకుంటూ ఉండగా, ఆమె ఎక్కడ ఆపిందో అక్కడినుంచే మళ్లీ మొదలుపెట్టింది.